మాస్టారితో మాట: అది ఎవరింటి విషయం?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌లలో చాలావరకు ప్రపంచ రాజకీయాల గురించే ఉన్నాయి. పాత పెద్ద దేశాలు, కొత్తగా ఎదుగుతున్న దేశాలు ఒకే విషయాన్ని ఎందుకు వేరువేరుగా చూస్తాయని తలో రకంగా అడిగారు. ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పినవాణ్ని, నాకు ఇంతకన్నా ఇష్టమైన విషయం లేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, 2011లో లిబియా మీద ఐక్యరాజ్యసమితిలో ఓటింగ్ జరిగినప్పుడు ఇండియా, బ్రెజిల్, చైనా, రష్యా ఓటు వెయ్యకుండా ఊరుకున్నాయని చదివాను. మనదీ బ్రెజిల్‌దీ ప్రజాస్వామ్యం. చైనా, రష్యాల పద్ధతి వేరు. అందరం ఒకే వరుసలో ఎందుకు కూర్చున్నాం? దీని మీద సెమినార్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.
*డిగ్రీ విద్యార్థిని, నల్గొండ*

అమ్మా, ముందు టెన్షన్ తగ్గించుకో. ఆ నలుగురూ ఒకచోట ఎందుకున్నారని అడిగావు చూడు, సగం సెమినార్ అక్కడే తయారైపోయింది.

2011 మార్చి 17న భద్రతా మండలి 1973 నంబరు తీర్మానం చేసింది. లిబియా ఆకాశంలో విమానాలు ఎగరకూడదని, పౌరులను కాపాడడానికి అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చని దాని సారాంశం. పదిహేను దేశాల్లో పది సరే అన్నాయి. వద్దని ఎవరూ అనలేదు. ఊరుకున్నవి ఐదు. నువ్వు నాలుగు పేర్లే రాశావు, ఐదోది జర్మనీ. ఆ పేరు సెమినార్‌లో తప్పకుండా చెప్పు. పాత దేశాలన్నీ ఒకవైపు, కొత్త దేశాలన్నీ ఇంకోవైపు అని గీత గీసేస్తే లెక్క తప్పుతుంది. దక్షిణాఫ్రికా ఆ రోజు సరే అన్న పదిమందిలో ఉంది. ఇంకొకటి కూడా గుర్తుంచుకో. అంతకు మూడు వారాల ముందు, ఫిబ్రవరి 26న, లిబియాకు ఆయుధాలు అమ్మకూడదని, అక్కడి దారుణాలను అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు అప్పగించాలని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. అప్పుడు మనమూ చెయ్యెత్తాం. కాబట్టి తిరగబడ్డ జనాన్ని అణచివేస్తున్న లిబియా పాలకుడు గడాఫీని మనం వెనకేసుకొచ్చామని అనడానికి లేదు.

మరి మార్చిలో ఎందుకు ఆగాం? ఇది పుస్తకం భాషలో చెబితే నీకు మార్కులు వస్తాయి గానీ అర్థం కాదు. నా అనుభవం ఒకటి చెబుతాను.

1984లో బొబ్బిలిలో మేం అద్దెకున్న ఇంట్లో నాలుగు పోర్షన్లు. పక్క పోర్షన్‌లో ఆయన తాగొచ్చి భార్యను కొట్టేవాడు. మేమందరం తలుపులు వేసుకునేవాళ్ళం. "మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకు" అన్నది అందరి నోటా ఒకటే మాట. ఒక రాత్రి ఇంటి ఓనరు కొడుకు నలుగురిని వెంటేసుకుని లోపలికి వెళ్ళి ఆయన్ను చితకబాదాడు. కేకలు ఆగాయి. నెల తిరక్కుండా ఆ గొడవనే సాకుగా చూపి ఆ పోర్షన్ ఖాళీ చేయించి, ఎక్కువ అద్దెకు ఇంకొకరికి ఇచ్చుకున్నాడు. స్టీలు బకెట్లో గిన్నెలు, గ్లాసులు సర్దుకుని, పైన పిల్లాడి పలక పెట్టుకుని ఆవిడ మెట్లు దిగడం నేను చూశాను. తలుపులు వేసుకున్న మేమూ తప్పు చేశాం. తలుపు బద్దలుకొట్టినవాడూ తప్పు చేశాడు. ఆవిణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు దేశాల సంగతికి రా. "మిమ్మల్ని బాగుచేస్తాం" అంటూ వచ్చినవాళ్ళు తరాల తరబడి తిష్ఠ వేసిన ఇళ్ళు మనవి. ఇండియా, ఇండోనేషియా, అల్జీరియా, కెన్యా ఏది తీసుకున్నా అదే కథ. అందుకే 1954లో మనం చైనాతో రాసుకున్న పంచశీలలో ఒకరి లోపలి విషయాల్లో ఇంకొకరు వేలు పెట్టకూడదన్నది ఒక శీలం. మరుసటి ఏడాది ఇండోనేషియాలోని బాండుంగ్‌లో 29 ఆసియా, ఆఫ్రికా దేశాలు కూర్చున్నప్పుడు కూడా ఆ మాటకే పెద్దపీట వేశారు. యూరప్ జ్ఞాపకం వేరు. హిట్లర్ తన దేశం లోపలే మనుషుల్ని ఏరి ఏరి చంపడం మొదలుపెట్టినప్పుడు, అది వాళ్ళ ఇంటి విషయమని చుట్టుపక్కలవాళ్ళు ఊరుకున్నారు. తర్వాత 1994లో రువాండాలో వంద రోజుల్లో సుమారు ఎనిమిది లక్షల మంది చచ్చిపోతుంటే ప్రపంచం చూస్తూ ఉంది. 1995లో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో సమితి సైనికుల కళ్ళముందే పట్టణం పడిపోయింది, ఎనిమిది వేలకు పైగా మగవాళ్ళను, పిల్లలను చంపేశారు. బయటివాడు లోపలికి వస్తే ఏమవుతుందో మనకు తెలుసు. ఎవరూ రాకపోతే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు. రెండూ నిజమైన గాయాలే.

అయితే చైనా, రష్యాలు ఊరుకోవడాన్నీ మనం ఊరుకోవడాన్నీ ఒకే గాటన కట్టకు. రేపు తమ ప్రజలు వీధిలోకి వస్తే బయటినుంచి ఎవరూ మాట్లాడకూడదన్నది ఆ రెండు ప్రభుత్వాల ముందుచూపు. మనకూ బ్రెజిల్‌కూ ఉన్నది వలస పాలన నేర్పిన జాగ్రత్త. ఓట్ల లెక్కకు ఈ తేడా తెలియదు. నీ సెమినార్‌లో తెలియాలి.

తర్వాత ఏమైందో కూడా చెప్పు. పౌరులను కాపాడడానికని మొదలైన నాటో (అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి) దాడులు గడాఫీ దిగిపోయేదాకా ఆగలేదు. చర్చలతో తేల్చుదామని ఆఫ్రికన్ యూనియన్ తెచ్చిన ప్రతిపాదనను ఎవరూ పట్టించుకోలేదు. అక్టోబర్ 20న సిర్తెలో గడాఫీని పట్టుకుని చంపేశారు. అప్పుడు బ్రెజిల్ ఒక మంచి మాట తెచ్చింది: కాపాడడం బాధ్యత అంటున్నారు సరే, కాపాడేటప్పుడు కూడా బాధ్యత ఉండాలి కదా, ఎవరికి జవాబు చెప్పుకుంటారు? ఆ మాట మీద పాత దేశాలు మనసుపెట్టి కూర్చుని ఉంటే బాగుండేది. కూర్చోలేదు. దాని ఫలితం సిరియా అనుభవించింది. అక్కడ జనం చచ్చిపోతున్నా లిబియాను చూపించి రష్యా, చైనా వీటో మీద వీటో వేశాయి.

మా పెద్దమ్మ మనవడు బెంఘాజీ దగ్గర వెల్డర్‌గా చేసేవాడు. మన ప్రభుత్వం పంపిన 'స్కోషియా ప్రిన్స్' ఓడలో అలెగ్జాండ్రియా చేరి, అక్కణ్నుంచి విమానంలో ఢిల్లీ వచ్చి, రైలెక్కి ఇంటికొచ్చాడు. చేతిలో ఒక చిన్న బ్యాగు, అందులో రెండు జతల బట్టలు, వెల్డింగ్ అద్దాలు. మూడు నెలల జీతం అక్కడే ఉండిపోయింది. గడాఫీ మనుషులు ఊరు వదిలిన రోజు వాళ్ళ ఇంటి యజమాని ఆనందం పట్టలేక ఏడ్చాడట. ఏడాది తర్వాత అదే మనిషి ఫోన్ చేసి, "ఇప్పుడు సందు సందుకో తుపాకీ ఉంది, నువ్వు రావద్దు" అన్నాడట. 2015లో సిర్తె యూనివర్సిటీలో పాఠాలు చెప్పుకునే మన తెలుగువాళ్ళిద్దరిని ఎత్తుకుపోయి ఏడాదికి పైగా బందీలుగా ఉంచిన వార్త నీకు గుర్తుండకపోవచ్చు, అప్పటికి చిన్నపిల్లవి. నాకు గుర్తుంది.

ఆ ఏడుపూ నిజమే, ఆ ఫోన్ కాలూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచవద్దు.

ప్రశ్న: మాస్టారూ, ఏదో అమెరికా సంస్థ మన దేశానికి "పాక్షిక స్వేచ్ఛ" అని మార్కులేస్తుందా? వాళ్ళెవరండీ మనకు చెప్పడానికి? మన ఇంటి సంగతి మనకు తెలియదా?
*వ్యాపారి, హిందూపురం*

మీరు చెప్పేది ఫ్రీడమ్ హౌస్ నివేదిక. 2021 మార్చిలో మనల్ని "స్వేచ్ఛ" నుంచి "పాక్షిక స్వేచ్ఛ"కు దించారు. అది తప్పుదారి పట్టించే నివేదిక అని మన ప్రభుత్వం ఖండించింది. అప్పట్లో ఆ సంస్థకు వచ్చిన నిధుల్లో ఎక్కువ భాగం అమెరికా ప్రభుత్వానివే, కాబట్టి మీ అనుమానం అసహజం కాదు. అయితే అదే సంస్థ అమెరికాకు కూడా పదేళ్ళలో పదకొండు మార్కులు కోసి 83కు దించింది. ఇది కూడా మీకు తెలియాలి.

మీ కోపం నాకు అర్థమవుతుంది. 2003లో సమితి అనుమతి లేకుండా ఇరాక్ మీద పడినవాళ్ళు ప్రజాస్వామ్యం గురించి చెబుతుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అప్పుడు మన లోక్‌సభ "నింద" అనే మాట వాడి తీర్మానం చేసింది, గుర్తుందా? ఆ తీర్మానం చూసి నేను గర్వపడ్డాను.

కానీ "మన ఇంటి సంగతి" అన్న మాట దగ్గర నేను మీతో రాలేను. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మాకు చరిత్ర చెప్పిన మాస్టారిని తెల్లవారుజామున తీసుకెళ్ళారు. పేపర్లో ఆ వార్త రాలేదు. ఊళ్ళో ఎవరూ పైకి మాట్లాడలేదు. రాత్రి తొమ్మిది దాటాక మా బాబాయి రేడియో మీద దుప్పటి కప్పి, సౌండు తగ్గించి బీబీసీ పెట్టేవాడు. దుప్పటి కింద తలలు పెట్టి వినేవాళ్ళం. మన దేశంలో ఏం జరుగుతోందో లండన్ నుంచి విన్నాం. అప్పుడు కూడా విదేశీయులు మన లోపలి విషయాల్లో జోక్యం చేసుకుంటున్నారనే ప్రభుత్వం అంది. విదేశీ విలేఖరులను పంపేశారు కూడా. జైల్లో ఉన్న మా మాస్టారికి ఆ గొంతు జోక్యంలా వినిపించి ఉండదు.

మానవ హక్కులు తెల్లవాళ్ళ సొత్తు అనుకోకండి. 1948లో విశ్వ మానవ హక్కుల ప్రకటన రాసేటప్పుడు మొదటి అధికరణంలో "పురుషులందరూ" అన్న అర్థం వచ్చే మాట ఉంటే, దాన్ని పట్టుబట్టి "మానవులందరూ" అని మార్పించింది మన హంసా మెహతా. ఆ వాక్యంలో మన చెయ్యి ఉంది. మన మీద ఎవరైనా తప్పు రాస్తే, ఇదిగో తప్పు అని లెక్కలతో చూపిద్దాం. నిజం రాస్తే సరిదిద్దుకుందాం. రాసినవాడి ఊరేదన్నది తర్వాతి సంగతి.

ప్రశ్న: నమస్కారం సార్. మా అమ్మాయి ఉక్రెయిన్‌లో ఎంబీబీఎస్ చదువుతూ 2022లో తిరిగొచ్చింది. ఇప్పుడు వేరే దేశంలో పూర్తి చేస్తోంది. అక్కడి ఉక్రెయిన్ ఫ్రెండ్స్ "మీ దేశం మాకోసం ఓటు కూడా వెయ్యలేదు" అంటే ఏం చెప్పాలో తెలియక ఏడ్చిందట. ఏం చెప్పమంటారు?
*ఒక తండ్రి, ఖమ్మం*

ముందు మీ అమ్మాయి క్షేమంగా వచ్చింది, అది చాలు. ఆపరేషన్ గంగలో ఇరవై రెండు వేల మందికి పైగా పిల్లలు అలా ఇళ్ళకు చేరారు. కర్ణాటక పిల్లవాడొకడు ఖార్కివ్‌లో సరుకుల కోసం లైన్లో నిలబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ వార్త విన్న రోజు మా ఇంట్లో కూడా ఎవరికీ ముద్ద దిగలేదు.

2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితిలో అన్ని దేశాలూ కూర్చునే సర్వసభలో రష్యా దాడిని ఖండిస్తూ తీర్మానం పెడితే 141 దేశాలు అవునన్నాయి, ఐదు కాదన్నాయి, 35 ఊరుకున్నాయి. ఊరుకున్నవాళ్ళలో మనం, చైనా, దక్షిణాఫ్రికా ఉన్నాం. బ్రెజిల్ అవునంది. మనం ఊరుకోవడానికి కారణాలు మీకు తెలియనివి కావు. మన ఆయుధాల్లో ఎక్కువ భాగం రష్యావి, సరిహద్దులో చైనా ఉంది, పైగా 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో అందరూ మనకు ఎదురు తిరిగినప్పుడు వీటో వేసి నిలబడింది అప్పటి సోవియట్ రష్యా. తర్వాత చమురు కూడా వచ్చి చేరింది. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా చమురు తర్వాత మూడో వంతు దాటింది. యూరప్ సమస్యలన్నీ ప్రపంచ సమస్యలు, ప్రపంచ సమస్యలు మాత్రం యూరప్‌వి కావన్న ఆలోచన నుంచి యూరప్ బయటపడాలని మన విదేశాంగ మంత్రి జైశంకర్ అదే ఏడాది బ్రటిస్లావాలో అన్నారు. ఆ మాట ఆఫ్రికా, ఆసియాల్లో చాలామందికి తమ మనసులో మాటలా వినిపించింది. నాకూ వినిపించింది.

అయినా మీ అమ్మాయికి అబద్ధం చెప్పమని నేను చెప్పలేను. ఒకరి సరిహద్దును ఇంకొకరు బలంతో మార్చకూడదన్నది మనం డెబ్బై ఏళ్ళుగా చెబుతున్న మాట. బాండుంగ్‌లో చెప్పాం, పంచశీలలో రాసుకున్నాం. ఆ మాట మనకు ప్రాణమైతే ఉక్రెయిన్‌కూ అది వర్తించాలి. దీన్ని అందరికన్నా బాగా చెప్పింది కెన్యా. యుద్ధానికి మూడు రోజుల ముందు భద్రతా మండలిలో కెన్యా రాయబారి మార్టిన్ కిమానీ మాట్లాడుతూ, మా సరిహద్దులు మేం గీసుకున్నవి కావు, లండన్‌లో, పారిస్‌లో, లిస్బన్‌లో గీశారు, మా బంధువులు గీతకు అవతల ఉండిపోయారు, అయినా వాళ్ళకోసం యుద్ధాలకు దిగకుండా ఆ గీతలనే ఒప్పుకున్నాం అన్న అర్థంలో చెప్పాడు. వలస పాలన నేర్పిన పాఠం నుంచే రష్యాను తప్పుబట్టాడు. మనం కూడా ఆ మాట అనగలిగినవాళ్ళమే, అనలేదు. సెప్టెంబర్‌లో సమర్‌కండ్‌లో మన ప్రధాని పుతిన్ ఎదురుగా ఇది యుద్ధాల యుగం కాదన్నారు. ఆ మాటే మార్చిలో ఓటుగా వచ్చి ఉంటే నేను ఇంకా సంతోషించేవాణ్ని.

అమ్మాయిని తన ఫ్రెండ్స్‌తో ఇలా చెప్పమనండి: "మా ప్రభుత్వం లెక్కలు దానికున్నాయి. నేను మాత్రం మీ ఊరి బంకర్లో మీ పక్కన పడుకున్నాను." ఆ పిల్లలకు ఇంతకన్నా వేరే జవాబు అక్కర్లేదు.

ప్రశ్న: బ్రిక్స్ అంటే అమెరికాకు వ్యతిరేకంగా కట్టిన కూటమేనా?
*పోటీ పరీక్షల అభ్యర్థి, కర్నూలు*

బాబూ, బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనాల మొదటి అక్షరాలు కలిపి 'బ్రిక్' అన్న పేరే ఒక అమెరికా బ్యాంకులో పనిచేసిన ఆర్థికవేత్త జిమ్ ఓనీల్ 2001లో పెట్టాడు. మొదటి శిఖరాగ్ర సమావేశం 2009లో రష్యాలోని యెకటెరిన్‌బర్గ్‌లో జరిగింది, దక్షిణాఫ్రికా తర్వాత చేరింది. 2024లో ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, యూఏఈ, 2025లో ఇండోనేషియా వచ్చాయి. ఎన్నికలు జరిగే దేశాలూ రాజులు పాలించే దేశాలూ ఒకే బల్ల చుట్టూ ఉన్నాయి, కాబట్టి విలువలు వాళ్ళను కలపలేదు. కుర్చీ దొరకలేదన్న బాధ కలిపింది. దేశాలకు అప్పులిచ్చే ఐఎంఎఫ్‌లో పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి, అమెరికా ఒక్కదానికే 16 శాతం పైన ఉన్నాయి, అంటే అది వద్దంటే ఆగిపోతుంది. 140 కోట్ల మంది ఉన్న మనకు మూడు శాతం కూడా లేవు. ప్రజాస్వామ్యం గొప్పదని ఊరూరా చెప్పే దేశాలు ఈ ఒక్క గదిలో దాన్ని ఎందుకు రానివ్వవో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పరీక్షకు తేదీలు రాసుకో, ఇంటర్వ్యూలో ఈ మాట చెప్పు.

ప్రశ్న: చైనా కూడా తనది ప్రజాస్వామ్యమే అంటోంది. జనానికి తిండి, ఇల్లు, ఉద్యోగం ఇచ్చాక ఓటు ఎందుకు మాస్టారూ?
*రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, తిరుపతి*

2021 డిసెంబర్‌లో బైడెన్ ప్రజాస్వామ్య దేశాల సదస్సు పెట్టడానికి కొద్ది రోజుల ముందు చైనా ఒక శ్వేతపత్రం విడుదల చేసింది. "పనిచేసే ప్రజాస్వామ్యం" మాదే అన్నది దాని సారం. తిండి, బడి, ఆసుపత్రి ముందు, మిగతావి తర్వాత అన్న ఆ వాదనను నేను తేలిగ్గా తీసిపారెయ్యను. నలభై ఏళ్ళలో 80 కోట్ల మంది కడు పేదరికం నుంచి బయటపడ్డారు. మనిషి చరిత్రలో అంత పెద్ద పని ఇంకెక్కడా జరగలేదు. అక్కడికి వెళ్ళొచ్చిన మా పూర్వ విద్యార్థి ఒకడు ఆ రైళ్ళు, ఆ ఊళ్ళు చూసి రెండు రోజులు మాట్లాడుతూనే ఉన్నాడు.

కానీ సార్, తిండి గురించే అడిగారు కాబట్టి తిండి దగ్గరే ఆగుదాం. 1958 నుంచి 61 దాకా అదే చైనాలో కోట్ల మంది ఆకలితో చచ్చిపోయారు. అధికారులు పంట దిగుబడి ఎక్కువ చేసి రాశారు, పైవాళ్ళు దాన్ని నమ్మి ధాన్యం లాక్కెళ్ళారు, ఊళ్ళో గింజ లేదని పైకి చెప్పే పేపరు లేదు, అసెంబ్లీలో లేచి అరిచే ప్రతిపక్షం లేదు. మన దగ్గర పేదరికం ఉంది, పోషకాహార లోపం ఉంది, దానికి నేను సిగ్గుపడతాను. అయినా స్వాతంత్ర్యం వచ్చాక అంతటి కరువు చావులు రాలేదు. పత్రికలూ ఎన్నికలూ ఉన్నచోట పెద్ద కరువు రాదని అమర్త్య సేన్ చెప్పింది ఇందుకే. అన్నం కుండ ఖాళీ అయినప్పుడు ఆ సంగతి గట్టిగా చెప్పడానికి ఒక నోరు ఉండాలి. ఓటు ఆ నోరు.

ప్రశ్న: మాస్టారూ, ఎక్కడో ఉన్న దక్షిణాఫ్రికా ఇజ్రాయెల్ మీద అంతర్జాతీయ కోర్టులో కేసు వేసింది. వాళ్ళకేం సంబంధం? మా తాతయ్య వైపు వాళ్ళెవరో పూర్వం అక్కడికి వెళ్ళారని మా అమ్మ చెప్పేది, అందుకే అడుగుతున్నాను.
*గృహిణి, విశాఖపట్నం*

అమ్మా, మీ ఉత్తరం చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎందుకంటే మా ఇంట్లోనూ అదే కథ.

1860 నుంచి 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా భారతీయులు చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళారు. వాళ్ళలో విశాఖ, గంజాం, గోదావరి జిల్లాలవాళ్ళు చాలామంది. మద్రాసు వెళ్ళి ఓడెక్కి డర్బన్‌లో దిగేవాళ్ళు. మా తాత అన్నగారు అలాగే వెళ్ళారు, తిరిగి రాలేదు.

ఆ కూలీల పిల్లలు, మనవలు అక్కడే స్థిరపడ్డారు. 1946లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసింది. భారతీయులు ఎక్కడ భూమి కొనాలో, ఎక్కడ ఉండాలో అది నిర్ణయిస్తుంది. మనకింకా స్వాతంత్ర్యం రాలేదు. అయినా దక్షిణాఫ్రికాతో వ్యాపారం ఆపేశాం, ఆ సంగతి ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్ళాం. మన బృందానికి నాయకురాలు విజయలక్ష్మీ పండిట్. ఎదురుగా దక్షిణాఫ్రికా ప్రధాని స్మట్స్. సమితి చార్టర్ పీఠికలో మానవ హక్కుల మాట రావడంలో ఆయన చెయ్యి ఉంది. ఆ మనిషే లేచి, ఇది మా అంతర్గత వ్యవహారం, మీరు మాట్లాడకూడదు అన్నాడు. బ్రిటన్ ఆయన పక్షాన నిలబడింది. మనం ఒప్పుకోలేదు. మనుషుల్ని రంగు చూసి విడదీస్తుంటే అది ఒక్క దేశం విషయం కాదన్నాం. డిసెంబర్ 8న ఓటింగ్ జరిగితే 32 దేశాలు మనవైపు, 15 ఎదురు, ఏడు ఊరుకున్నాయి. గెలిచాం.

చూశారా? ఆ రోజు "మా ఇంటి విషయం" అన్నది పాత దేశాలవైపు వాళ్ళు. కాదన్నది మనం. ఇవాళ ఆ మాట చేతులు మారింది. 1971లో తూర్పు పాకిస్థాన్ నుంచి కోటి మంది శరణార్థులు వచ్చిపడితే మనం సైన్యాన్ని తీసుకుని సరిహద్దు దాటాం. అప్పుడు ఆపండని 104 దేశాలు మనకు ఎదురుగా ఓటు వేశాయి. యుద్ధం అయ్యాక మూడు నెలల్లో సైన్యాన్ని వెనక్కి తెచ్చేశాం, నేను మన వైపు మాట్లాడేది ఆ ఒక్క పని వల్ల. 1979లో కంబోడియాలో పోల్ పాట్‌ను వియత్నాం తరిమేస్తే, పది పదిహేను లక్షలకు తక్కువ కాకుండా సొంత జనాన్ని బలిగొన్న ఆ ప్రభుత్వానికే ఐక్యరాజ్యసమితిలో కుర్చీ ఉండాలని అమెరికా, బ్రిటన్ ఏళ్ళ తరబడి ఓటు వేశాయి. ఎవరి నాలుక మీదా ఈ మాట నిలకడగా లేదు.

దక్షిణాఫ్రికా నాలుక మీద కూడా లేదు, అది నాకు ఎక్కువ బాధ. ప్రపంచం వేలు పెట్టబట్టే అక్కడ వర్ణవివక్ష కూలింది. ఆటలు మానేశారు, వ్యాపారం మానేశారు, అమెరికాలో రీగన్ వీటోను కూడా కాదని కాంగ్రెస్ 1986లో ఆంక్షలు పెట్టింది. అలా విడుదలైన దేశం 2007 జనవరిలో మయన్మార్ సైనిక పాలన మీద భద్రతా మండలిలో తీర్మానం వస్తే రష్యా, చైనాలతో కలిసి వద్దని ఓటు వేసింది. ఆ వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టేశాను. అదే దేశం 2023 డిసెంబర్ 29న గాజా జనం కోసం హేగ్ కోర్టు మెట్లెక్కింది. జాతి విధ్వంస నేరం జరిగితే అది ప్రపంచం మొత్తానికీ సంబంధించిందేనన్న ఒప్పందం మీద ఇజ్రాయెల్ కూడా సంతకం పెట్టింది కాబట్టి ఆ కేసు నిలబడింది. 2024 జనవరి 26న కోర్టు మధ్యంతర ఆదేశాలు ఇచ్చింది. వాళ్ళకేం సంబంధమని అడిగారు. 1946లో డర్బన్ తెలుగువాళ్ళతో మెక్సికోకేం సంబంధం అమ్మా? అయినా మనతో కలిసి ఆ తీర్మానం కోసం నిలబడ్డవాళ్ళలో మెక్సికో ఉంది.

మీ తాతయ్య వైపువాళ్ళ గురించి తెలుసుకోవాలంటే డర్బన్‌లో ఆంధ్ర మహాసభ ఉంది, 1931లో పెట్టారు, వాళ్ళకు రాయండి. ఒప్పంద కూలీలు వెళ్ళిన ఓడల పట్టికలు కూడా భద్రంగానే ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, జిల్లా, ఊరు ఉంటాయి. ఊరి పేరు ఇంగ్లీషులో వంకరటింకరగా ఉంటుంది, పైకి చదువుకుంటూ పొండి, మన ఊరు వినిపిస్తుంది.

మాకు 1996లో అలాగే ఒక కవరు వచ్చింది. పంపింది మా తాత అన్నగారి మునిమనవరాలు. ఇంటిపేరు పోయి "నాయుడూ" అని దీర్ఘంతో మిగిలింది. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది, కింద పెన్సిలుతో అ, ఆ, ఇ, ఈ దిద్దింది. లోపల ఒక ఫోటో. 1994 ఏప్రిల్ 27, వాళ్ళ ఊళ్ళో ఓట్ల వరుస. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, మనవాళ్ళు అందరూ మొదటిసారి ఒకే వరుసలో. మధ్యలో చీర కట్టుకున్న ఒక ముసలావిడ, వాళ్ళ నాయనమ్మ. ఎండకు కొంగు తలమీద వేసుకుంది. ఎడమచేత్తో గుర్తింపు పుస్తకాన్ని గుండెకు హత్తుకుని, ముందున్న నల్లావిడ భుజం పట్టుకుని నిలబడింది.

మీకు వాళ్ళ అడ్రసు కావాలంటే పత్రిక ద్వారా రాయండి, పంపుతాను.